ఐగుప్తు ఎడారిలో దొరికిన జవాబు



ఈసారి వ్రాస్తున్నది ప్రసంగం కాదు, సాక్ష్యం. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఒక ఒప్పుకోలు. ఇందులో ప్రస్తావించిన తల్లి అనుమతి తీసుకొనే వ్రాస్తున్నాను. పేరు వ్రాయను. మన ఊరివాళ్లకు ఆమె ఎవరో తెలుసు. తెలియనివాళ్లు తెలుసుకోవాల్సిన పని లేదు.

రెండేళ్ల క్రితం ఎండాకాలంలో ఆమె కొడుకు కాలువలో స్నానానికి దిగి మునిగిపోయాడు. పందొమ్మిదేళ్ల కుర్రాడు. ఆదివారం ఆరాధనలో కీబోర్డు వాయించేవాడు. రెండో రోజున లాకుల దగ్గర దొరికాడు. భూస్థాపన అయ్యాక మూడో రోజు ప్రార్థనకు నేను వాళ్ల ఇంటికి వెళ్లాను. ఆమె గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. ఏడవడం లేదు. నన్ను చూసి ఒకే ఒక్క మాట అడిగింది.

"పోయిన ఆదివారం మీరు ఎర్ర సముద్రం గురించి చెప్పారు అయ్యగారూ. అంత సముద్రాన్ని చీల్చిన దేవుడికి మన కాలువ ఎంత?"

నా దగ్గర జవాబు లేదు. లేదని చెప్పి ఆమె పక్కన నేల మీద కూర్చుంటే సరిపోయేది. నేనేమో ఇరవై ఏళ్లుగా చావు ఇళ్లలో చెబుతూ వచ్చిన మాటే మళ్లీ చెప్పాను. "దేవుని చిత్తం అమ్మా. తోటలో మంచి పువ్వునే ఆయన ముందు కోసుకుంటాడు."

ఆమె తలెత్తి నా వైపు చూసి, "చెట్టుకు నొప్పి పుట్టదా అయ్యగారూ?" అంది. అంతే. ఆ తరువాత ఆమె మందిరానికి రావడం మానేసింది. నేను రెండు మూడుసార్లు వెళ్లాను. మంచినీళ్లు ఇచ్చేది, మర్యాదగా మాట్లాడేది, ప్రార్థన చేస్తానంటే తల వంచేది. ఆదివారం మాత్రం ఆమె కూర్చునే చోటు ఖాళీగానే ఉండేది. పులిపీఠం మీద నిలబడితే నా కన్ను ముందు అక్కడికే పోయేది.

పోయిన ఏడాది ఫిబ్రవరిలో గ్రామ సంఘకాపరుల శిక్షణ కోసం నేను రెండు వారాలు కైరో వెళ్లిన సంగతి మీకు తెలుసు. టికెట్టుకు మీరే చందాలు వేసుకున్నారు. అందరూ పిరమిడ్ల ఫోటోలు అడిగారు, పంపాను. కానీ శిక్షణ అయిపోయాక నేను చేసిన మరో ప్రయాణం గురించి మీకు ఇంతవరకు చెప్పలేదు.

ఆ తరగతుల్లో నా పక్కన అస్యూట్ పట్టణం నుంచి వచ్చిన ఒక పాస్టర్ గారు కూర్చునేవారు. ఆయన ఇంగ్లీషు, నా ఇంగ్లీషు రెండూ కుంటివే కాబట్టి మాకు బాగా కుదిరింది. ఆఖరి రోజు ఆయన, "ఫరోల సమాధులు చూశావు కదా, మా వాళ్ల సమాధులు కూడా చూసి వెళ్లు" అన్నారు. ఎక్కడ అని అడిగితే, "ఎడారిలో, ఖర్గా ఒయాసిస్సులో" అన్నారు. నా తిరుగు ప్రయాణానికి ఇంకా నాలుగు రోజులు ఉంది. సరే అన్నాను.

రైలులో అస్యూట్ చేరి, తెల్లవారుజామున ఆయన బావమరిది కారులో బయలుదేరాం. నైలు నది పక్కన ఉన్నంతసేపు నాకు మన డెల్టాలో ఉన్నట్టే అనిపించింది. కాలువలు, పచ్చటి చేలు, గడ్డి మోపులు మోసుకుపోతున్న గాడిదలు. ఆ తరువాత ఒక చోట పచ్చదనం గీత గీసినట్టు ఆగిపోయింది. ఒక అడుగు ఇవతల పైరు, ఒక అడుగు అవతల ఇసుక. ఐగుప్తు అంటే నదికి రెండు పక్కలా ఉన్న ఆ సన్నని పచ్చ పట్టీ అని, మిగిలిందంతా దాదాపు ఎడారేనని పుస్తకాల్లో చదివాను. కళ్లతో చూస్తే గాని అర్థం కాలేదు. అరణ్యంలో ఇశ్రాయేలీయులు దోసకాయలనూ ఉల్లిపాయలనూ తలుచుకొని ఏడ్చారని చదివినప్పుడల్లా వాళ్లను తిట్టుకునేవాడిని. ఆ గీత దాటిన అరగంటకే వాళ్ల మీద నాకు జాలి కలిగింది.

అస్యూట్ నుంచి ఖర్గాకు రెండు వందల కిలోమీటర్లకు పైనే. కారు ఎత్తైన మైదానం మీదికి ఎక్కాక చెట్టు లేదు, పిట్ట లేదు. తారు రోడ్డు, రాళ్లు, ఆకాశం, అంతే. మధ్యలో పోలీసుల తనిఖీలు. ఆ దారిలో విదేశీయుడు వెళ్లాలంటే ఎక్కడికి, ఎందుకు అన్నీ చెప్పాలి. ఒక చోట గంటకు పైగా ఆపేశారు. నా పాస్‌పోర్టు తిరగేసిన యువ పోలీసు చివరికి నవ్వి, "ఇండియా! అమితాబ్ బచ్చన్!" అంటూ చెయ్యి కలిపాడు. ఆయన పేరు చెప్పుకొని ఎడారి దాటిన పాస్టర్ని నేనేనేమో.

ఆ మైదానం అంచుకు వచ్చాక దారి ఒక్కసారిగా కిందికి దిగుతుంది. ఖర్గా ఒక పెద్ద పల్లం. నేల లోతుల్లో వేల ఏళ్ల నాటి నీరు ఉంది. దాన్ని బావులతో పైకి తోడుకొని ఖర్జూరపు తోటలు పెంచుకుంటారు. ఇసుక దిబ్బలు నెలవంకల్లా వరుసగా నిలబడి ఉన్నాయి. చూడటానికి కదలవు గాని, గాలి తోస్తుంటే ఏడాదికి కొన్ని మీటర్ల చొప్పున జరుగుతూ రోడ్లనూ పొలాలనూ మింగేస్తాయట. ఖర్గా అంటే అరబీలో బయటిది అని అర్థమని పాస్టర్ గారు చెప్పారు. నిజంగానే అది బయట ఉన్న చోటు. రాజులకు గిట్టనివాళ్లను పూర్వం అక్కడికే వెళ్లగొట్టేవారు. 431లో ఎఫెసు మహాసభ దోషి అన్న నెస్తోరియస్ అనే బిషప్ కూడా చివరికి ఆ ఒయాసిస్సుకే చేరాడు.

ఆ ఒయాసిస్సు గుండానే ఒక పాత బిడారు దారి ఉంది. దర్బ్ అల్ అర్బయీన్, అంటే నలభై దినాల దారి. సూడాన్‌లోని డార్ఫుర్ నుంచి అస్యూట్ దాకా ఒంటెల మీద సరుకులు వచ్చేవి. సరుకులతో పాటు మనుషులు కూడా, అమ్మకానికి. నలభై అనగానే మనకు బైబిల్లోని నలభైలు గుర్తొస్తాయి. ఇశ్రాయేలీయులు ఐగుప్తు దాస్యం వదిలి నలభై ఏళ్లు నడిచారు. వీళ్లు నలభై రోజులు నడిచి దాస్యంలోకే వచ్చారు. ఆ మాట విన్నాక కారులో కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

ముందుగా హిబిస్ గుడి శిథిలాలు చూశాం. ఖర్జూరపు చెట్ల మధ్య పెద్ద రాతి కట్టడం. ఆమోను అనే దేవత కోసం కట్టింది. గోడల మీది చెక్కడాల్లో చాలావరకు పారసీక రాజు మొదటి దర్యావేషు కాలానివి. ఎజ్రా గ్రంథం 6వ అధ్యాయంలో యెరూషలేము మందిరం కట్టడానికి రాజు సొమ్ములోనుంచి ఖర్చులు ఇవ్వమని ఆజ్ఞాపించిన దర్యావేషు ఈయనే. ఆయన ఏలుబడిలో ఆరవ సంవత్సరంలో ఆ మందిరం పూర్తయింది. ఇక్కడ అదే రాజు ఫరో వేషం కట్టుకొని ఐగుప్తు దేవతలకు నైవేద్యాలు పెడుతూ రాతిలో నిలబడ్డాడు. నాకు నవ్వొచ్చింది. క్రిస్మస్‌కు మన దగ్గర కేకు కోసి, మర్నాడు జాతరలో కొబ్బరికాయ కొట్టే నాయకులు కొత్తగా పుట్టినవాళ్లు కారు. అయినా ఆ రాజు చేతితోనే దేవుడు తన మందిరాన్ని కట్టించుకున్నాడు. అది కూడా నిజమే.

అక్కడికి దగ్గరలోనే, ఊరికి ఉత్తరంగా ఒక గుట్ట మీద బగవాత్ ఉంది. మేము వెళ్లింది దాని కోసమే.

దూరం నుంచి చూస్తే అదొక ఊరిలా కనిపించింది. చిన్న చిన్న గదులు, గుండ్రటి కప్పులు, వీధుల్లాంటి సందులు. దగ్గరికి వెళ్తే మనిషి లేడు. అదొక సమాధుల తోట. నాలుగో శతాబ్దం నుంచి సుమారు మూడు నాలుగు వందల ఏళ్ల పాటు ఆ ఒయాసిస్సు క్రైస్తవులు తమవాళ్లను అక్కడ పాతిపెట్టారు. అలాంటి గదులు 263 ఉన్నాయని లెక్క. లోకంలో మిగిలిన పాత క్రైస్తవ స్మశానాల్లో అది ఒకటి.

అవి వేటితో కట్టారో తెలుసా? పచ్చి ఇటుకలతో. కాల్చినవి కూడా కావు. మట్టి కలిపి అచ్చు పోసి ఎండలో ఆరబెట్టిన ఇటుకలు. మన సంఘంలో ఇటుక బట్టీలకు వలస వెళ్లి వచ్చిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మీకు నేను చెప్పనక్కర్లేదు, పచ్చి ఇటుక మన ఊళ్లో ఒక్క వానకు కరిగిపోతుంది. అక్కడ వాన లేదు గనుక పదిహేను వందల ఏళ్లకు పైగా నిలిచాయి. నిర్గమకాండము 5వ అధ్యాయంలో ఇశ్రాయేలీయుల చేత చేయించింది ఇలాంటి ఇటుకలే. దాసుల వీపులు విరిచిన ఆ ఇటుకతోనే ఈ విశ్వాసులు తమవాళ్లకు విశ్రాంతి గదులు కట్టుకున్నారు. నేను ఒక గోడ మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాను.

కాపలాదారుడు తాళం తీసి ఒక గదిలోకి పంపాడు. దాన్ని నిర్గమ మందిరం అంటారు. లోపల చీకటి. కళ్లు అలవాటు పడ్డాక తలెత్తి చూస్తే కప్పు నిండా బొమ్మలు. నాలుగో శతాబ్దపు బొమ్మలు. ఆదివారపు బడి పిల్లలు గీసినట్టు సాదాగా ఉన్నాయి. మధ్యలో ద్రాక్షతీగెలు, వాటి మీద పక్షులు. చుట్టూ మోషే, నడిచిపోతున్న జనం, వాళ్లను తరుముతూ ఫరో, అతని సైన్యం. నోవహు ఓడ. ఇస్సాకును అర్పించబోతున్న అబ్రాహాము. సింహాల మధ్య దానియేలు. అగ్నిగుండంలో ముగ్గురు యవనులు. ఓడలోనుంచి పడవేయబడుతున్న యోనా. యోబు. యిర్మీయా.

మొదట నాకు ఒక ఆశ్చర్యం కలిగింది. ఇవి వేసినవాళ్లు ఐగుప్తీయులు. పుట్టుకను బట్టి చూస్తే ఫరో వాళ్ల రాజు, ఆ సైన్యం వాళ్ల తాతలు. అయినా తమ చనిపోయినవాళ్ల తల పైన ఆ కథ వేసుకున్నప్పుడు వాళ్లు ఫరో పక్కన నిలబడలేదు. పారిపోతున్న దాసులే తమవాళ్లు అనుకున్నారు. సువార్త మనిషికి కొత్త పూర్వీకులను ఇస్తుందని సెమినరీలో చదువుకున్నాను. దాన్ని రంగుల్లో చూసింది అక్కడే.

తరువాత రెండో సంగతి నన్ను పట్టుకుంది. నోవహు, ఎర్ర సముద్రం, యోనా. అన్నీ నీళ్లలోనుంచి తప్పించబడినవాళ్ల కథలు. దానియేలు, ఆ ముగ్గురు యవనులు, ఇస్సాకు. వాళ్లంతా చావు అంచు దాకా వెళ్లి బ్రతికినవాళ్లు. కానీ ఆ బొమ్మల కింద ఉన్నది ఎవరు? బ్రతకనివాళ్లు. జ్వరంతో పోయినవాళ్లు, కాన్పులో పోయినవాళ్లు, పసిపిల్లలు. వాళ్ల కోసం కూడా ఎవరో ప్రార్థన చేసే ఉంటారు. తప్పించబడనివాళ్ల సమాధి మీద, తప్పించబడినవాళ్ల బొమ్మలు! ఆ తల్లి నన్ను అడిగిన ప్రశ్నే అది. అదే ప్రశ్న పదహారు వందల ఏళ్లుగా ఆ కప్పు మీద ఉంది.

అప్పుడు పాస్టర్ గారు టార్చి తిప్పి ఇంకో బొమ్మ చూపించారు. ఒక మనిషిని ఇద్దరు రంపంతో కోస్తున్నారు. "యెషయా" అన్నారు ఆయన.

యెషయా ప్రవక్తను రంపంతో కోసి చంపారని యూదుల పాత సంప్రదాయం. బైబిల్లో ఆయన పేరుతో ఈ మాట లేదు గాని, హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయం 37వ వచనంలో రంపములతో కోయబడినవారి ప్రస్తావన ఉంది. యెషయా ఆ కప్పులో ఎక్కడో మూలన, వేరుగా లేడు. దానియేలు ఉన్న కప్పులోనే ఉన్నాడు. యోనా ఉన్న కప్పులోనే ఉన్నాడు.

నేను ఆ నేల మీదే కూర్చున్నాను. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయం మీద నేను ఎన్నిసార్లు ప్రసంగించానో లెక్కలేదు. సింహాల నోళ్లు మూయించినవారు, అగ్ని బలాన్ని చల్లార్చినవారు, చనిపోయినవాళ్లను తిరిగి పొందిన స్త్రీలు. అక్కడిదాకా గట్టిగా చెప్పి, మీ చేత హల్లెలూయా అనిపించి కూర్చునేవాడిని. 35వ వచనం మధ్యలో మాట తిరుగుతుంది. అక్కడి నుంచి హింసించబడినవాళ్లు, రాళ్లతో కొట్టబడినవాళ్లు, కోయబడినవాళ్లు, దిక్కులేక ఎడారుల్లో తిరిగినవాళ్లు వస్తారు. నా ప్రసంగం ఎప్పుడూ ఆ మలుపు దగ్గరే ఆగిపోయేది. మొదటి గుంపుకు విశ్వాసం ఉందనీ, రెండో గుంపుకు తక్కువైందనీ ఆ పత్రిక అనలేదు. ఇద్దరూ విశ్వాసం వలన సాక్ష్యం పొందినవారే, ఇద్దరూ ఇంకా వాగ్దానఫలం పొందనివారే అని 39వ వచనం చెబుతుంది.

ఆ ఒయాసిస్సు విశ్వాసులకు ఇది నాకంటే బాగా తెలుసు. 303లో డయోక్లెషియన్ చక్రవర్తి మొదలుపెట్టిన హింస ఐగుప్తు సంఘాన్ని ఎంతగా కోసిందంటే, కాప్టిక్ క్రైస్తవులు ఈనాటికీ తమ సంవత్సరాలను అతడు సింహాసనం ఎక్కిన 284 నుంచి, హతసాక్షుల శకం అని లెక్కపెడతారు. ఆ బొమ్మలు వేసిన తరానికి ఆ రోజులు తాతలు చెప్పిన కథలు. సింహాల నోళ్లు ప్రతిసారీ మూతపడవని వాళ్లు ఎరుగుదురు. ఎరిగి కూడా దానియేలును వేశారు. ఎందుకంటే ఆ బొమ్మ, నీకు ఈ వారం ఆపద రాదు అనే హామీ పత్రం కాదు. ఈ దేవుడు చేతిలోనుంచి జారనిచ్చేవాడు కాడు, సింహం తిన్నా, నీళ్లు మింగినా, మట్టి కప్పినా ఆయన మాట అక్కడితో అయిపోలేదు అని చెప్పుకోవడం. యోనా మూడు దినాలు ఉండి వచ్చాడు. మన ప్రభువు తన సమాధికి ఆ యోనానే గురుతుగా చెప్పాడు. ఆయన కూడా సిలువ మీదనుంచి తప్పించబడలేదు. సమాధిలోనుంచి లేచాడు.

బయటికి వచ్చేసరికి ఎండ కొట్టేస్తోంది. ఆ 263 గదుల్లో పడుకున్నవాళ్లలో చాలామంది పేర్లు ఎవరికీ తెలియవు అన్నారు పాస్టర్ గారు. తిరుగు దారిలో నేను ఎక్కువ మాట్లాడలేదు. నోటు పుస్తకంలో ఆ కప్పు బొమ్మ నాకు వచ్చినట్టు గీసుకున్నాను.

ఊరికి వచ్చిన మూడో రోజు ఆమె ఇంటికి వెళ్లాను. ఈసారి కుర్చీ వేస్తే వద్దని నేల మీద కూర్చున్నాను. "అమ్మా, ఆ రోజు నేను పువ్వు మాట అనకుండా ఉండాల్సింది. నాకు జవాబు తెలియదు. తెలిసినట్టు మాట్లాడాను. నన్ను క్షమించు" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. నోటు పుస్తకం తెరిచి చూపించాను. ఇది ఓడ, ఇది యోనా, ఇతను యెషయా అని చెబుతూ పోయాను. యెషయా దగ్గర ఆమె వేలు పెట్టి ఆపింది.

"ఈయన్ని కూడా దేవుడు ఆపలేదా?"

"ఆపలేదమ్మా."

"ఈయన కూడా అక్కడే ఉన్నాడా, వాళ్లతోనే?"

"వాళ్లతోనే."

చాలాసేపు ఆ బొమ్మనే చూసింది. మొదటిసారి ఆమె నా ముందు ఏడ్చింది. నేను ప్రార్థన కూడా చేయలేదు. కూర్చున్నానంతే. లేచి వస్తుంటే అడిగింది, "ఆ సమాధుల మీద పేర్లు ఉన్నాయా అయ్యగారూ?" చాలావాటికి లేవని చెప్పాను. "మా వాడిది కూడా వ్రాయించలేదు. పేరు వ్రాస్తే నిజమైపోతుందని భయమేసింది. వ్రాయించండి. వాక్యం వద్దు. ఆ ఓడ బొమ్మ వేయించండి" అంది.

ఈస్టరుకు ముందు శనివారం మన యవనస్థులు సమాధులకు సున్నం కొడుతున్నప్పుడు, ఊళ్లో బోర్డులు వ్రాసే అబ్బాయి వచ్చి ఆ కుర్రాడి సిలువ మీద పేరు వ్రాసి, కింద నీలం రంగుతో ఓడ వేశాడు. ఈస్టరు తెల్లవారుజామున మీరంతా కొవ్వొత్తులు పట్టుకొని వచ్చినప్పుడు ఆమె అక్కడ ఉండటం మీలో చాలామంది చూశారు. ప్రతి ఆదివారం వస్తోందా అంటే, రావడం లేదు. కొన్ని ఆదివారాలు వస్తుంది, కొన్ని రాదు. రాని రోజున ఆమె విశ్వాసం తగ్గిందని దయచేసి ఎవరూ అనవద్దు. అడగకండి, వెళ్లి కూర్చోండి.

ప్రియులారా, ఈ ఆదివారం మనం హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయం చదువుదాం. ఈసారి 35వ వచనం మధ్యలో ఆగను. చివరి వరకు చదువుతాను. మీ ఇంట్లో తప్పించబడినవాళ్లు ఉంటే కృతజ్ఞతతో రండి. తప్పించబడనివాళ్లు ఉంటే మీ ప్రశ్నతోనే రండి. ఇద్దరికీ ఒకే కప్పు కింద చోటు ఉంది.

ప్రార్థన: మా తండ్రీ, తెలియని చోట తెలిసినట్టు మాట్లాడిన మా నోళ్లను క్షమించు. కన్నబిడ్డలను మట్టిలో పెట్టిన తల్లిదండ్రుల పక్కన మౌనంగా కూర్చునే మనసు మాకు దయచేయి. మా సమాధుల తోటలో పడుకున్న ప్రతి పేరూ నీకు తెలుసు. నీవు పిలిచే ఉదయం వరకు మమ్మల్ని నడిపించు. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

మీ సంఘకాపరి